చెవి చిగురిస్తుందా?

పుట్టుచెవుడున్న కొందరు పిల్లలకు ఒక్క డోసు జన్యు మందుతో వినికిడి వస్తోంది. కాంతితో శ్రవణ నాడిని మేల్కొలిపే పరికరాలు ప్రయోగశాలల్లో రూపుదిద్దుకుంటున్నాయి. వీటి పేరు చెప్పి బజారులో అమ్ముతున్న సరుకు మాత్రం పూర్తిగా వేరు.

2023 అక్టోబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో 11 ఏళ్ళ అబ్బాయికి ఆపరేషన్ చేశారు. వాడు మొరాకోలో పుట్టాడు. కుటుంబం స్పెయిన్‌లో ఉంటోంది. పుట్టిన రోజు నుంచి ఏ చప్పుడూ ఎరగడు. డాక్టర్లు ఒక చెవిలో కర్ణభేరిని కొద్దిగా పైకెత్తి, లోపలి చెవికి మూతలా ఉండే పలుచని పొర గుండా చిటికెడు మందు పంపారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ చెవి పనిచేయడం మొదలుపెట్టింది. నాన్న గొంతు, రోడ్డు మీద కార్ల రొద, జుట్టు కత్తిరిస్తుంటే కత్తెర చేసే చిరుశబ్దం అన్నీ వాడి చెవిన పడ్డాయి.

ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. దాని రెండో సగం మాత్రం అంతగా తిరగలేదు. వాడికి మాట రాకపోవచ్చని డాక్టర్లు అన్నారు. విన్నదాన్ని మాటగా మలుచుకునే శక్తి మెదడుకు మొదటి ఐదేళ్ళలో ఉన్నంతగా తర్వాత ఉండదు. చెవి తెరుచుకునేసరికి వాడికి ఆ వయసు దాటిపోయింది. ఆ వార్త వచ్చేనాటికి వాడు మనసులో మాట చెప్పింది సైగభాషలోనే.

చెవిని బాగుచేసే కొత్త చికిత్సల గురించి ఎక్కడ ఏం చదివినా ఈ అబ్బాయిని గుర్తుపెట్టుకోవాలని నా మనవి. శాస్త్రం ఎంత దూరం వచ్చిందో, ఆలస్యమైతే ఏం పోతుందో రెండూ వాడి దగ్గరే కనిపిస్తాయి.

పుట్టుకతో వచ్చిన కణాలే చివరిదాకా

లోపలి చెవిలో ఉండే కాక్లియాను బడి పుస్తకాల్లో కర్ణావర్తం అని చదువుకున్నాం. రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం అది. చుట్లు విప్పి సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో. చుట్టూ శరీరంలోకెల్లా గట్టి ఎముకల్లో ఒకటి, లోపల ఉప్పటి ద్రవం. ఆ గొట్టం పొడవునా రోమకణాలు బారులు తీరి ఉంటాయి. ఒక్కో చెవిలో 15 వేలకు పైచిలుకు. వాటిలో లోపలి వరుసలో ఉన్న 3,500 కణాలే మెదడుకు కబురు పంపేవి. బయటి వరుసల్లో ఉన్న 12 వేల కణాలు చిన్న శబ్దాలను పెద్దవి చేసి వాటికి అందిస్తాయి.

ప్రతి కణం నెత్తిన సన్నటి రోమాల కుచ్చు ఉంటుంది. శబ్దం వచ్చినప్పుడు ద్రవం కదులుతుంది, కుచ్చు వంగుతుంది, కణంలో చిన్న విద్యుత్తు పుడుతుంది. అక్కడి నుంచి శ్రవణ నాడి అందుకుంటుంది. గొట్టం మొదట్లో ఉన్న కణాలు కీచు స్వరాలకు, కొసన ఉన్నవి మంద్రస్వరాలకు పలుకుతాయి. వయసు మీదపడ్డా, రొదలో బతికినా ముందు పోయేవి మొదట్లోని కణాలే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ‘వినపడుతోందిరా, అర్థమే కావట్లేదు’ అనేది అందుకే. అచ్చుల బరువు చెవిన పడుతుంది. స, ష, త, క లాంటి హల్లుల అంచులు అందవు. ‘పాక’ అన్నా ‘పాత’ అన్నా ఒక్కలాగే వినిపిస్తుంది. మనం విసుక్కుని గొంతు పెంచుతాం. దానివల్ల పెరిగేది అచ్చుల గోలే.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులోకి వెళ్ళి చూడండి. పక్క మనిషికి మాట చెప్పాలంటే చెవి దగ్గరికి వంగి అరవాలి, లేదా చెయ్యి ఊపాలి. రైస్ మిల్లుల్లో, జనరేటర్ గదుల్లో, ఊరేగింపులో డీజే బాక్సుల ముందు జరిగేదీ అదే. రొద ఒక్కటే కాదు. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, పసిపిల్లల ఇన్‌ఫెక్షన్లకిచ్చే జెంటామైసిన్, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ కూడా రోమకణాలను చంపగలవు. తెగిన చర్మం కలుస్తుంది, కోసిన కాలేయం పెరుగుతుంది, మనిషి చెవిలో చచ్చిన రోమకణం మాత్రం మళ్ళీ పుట్టదు. ప్రపంచంలో 43 కోట్ల మందికి వినికిడి లోపానికి వైద్య సాయం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో ఈ ఇబ్బంది ఉన్నవారు 6.3 కోట్ల మంది.

కోడిపిల్లలు చూపిన దారి

పోయిన కణం మళ్ళీ రాదన్న నమ్మకాన్ని మొదట కదిలించినవి కోడిపిల్లలు. 1987, 1988 సంవత్సరాల్లో అమెరికాలో డగ్లస్ కొటాంచే, జెఫ్రీ కార్విన్, బ్రెండా రయల్స్, ఎడ్విన్ రూబెల్ పక్షుల చెవులను పరిశీలించారు. పెద్ద శబ్దంతో కోడిపిల్లల్లో, కౌజు పిట్టల్లో రోమకణాలు చచ్చిపోయాయి. కొన్నాళ్ళాగి చూస్తే ఖాళీ అయిన చోట కొత్త కణాలు నిలబడి ఉన్నాయి. పక్కనే ఉండే ఆధార కణాలు కొన్ని విభజన చెంది, కొన్ని నేరుగా రూపం మార్చుకుని రోమకణాలుగా తయారయ్యాయి. వారాల్లోనే పక్షికి వినికిడి తిరిగొచ్చింది.

మనకూ ఆధార కణాలున్నాయి. మరి అవెందుకు కదలవు? అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలో కొద్ది రోజులపాటు ఆ శక్తి ఉంటుంది. ఆ తర్వాత కణ విభజనను ఆపే ప్రొటీన్లు, ‘నువ్వు రోమకణం కావద్దు’ అని పక్క కణాన్ని అదుపు చేసే నాచ్ అనే సంకేత వ్యవస్థ కలిసి ఆ దారి మూసేస్తాయి. ఆ అదుపు సడలించడం ఎలాగన్నదే మూడున్నర దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధన.

కణాన్ని రోమకణంగా మార్చే ఏటోహ్1 అనే జన్యువు సంగతి 1999లో తేలింది. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో యెహోయాష్ రఫాయెల్ బృందం ఆ జన్యువును చెవిటి గినీపందుల చెవుల్లోకి వైరస్ ద్వారా పంపితే కొత్త రోమకణాలు పుట్టాయి, వినికిడి కొంత మెరుగైంది. 2014లో నోవార్టిస్ కంపెనీ అదే ఉపాయాన్ని మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టింది. చికిత్సగా నిలిచే ఫలితం రాలేదు.

ఆ తర్వాత ఎక్కువ ఆశలు రేపింది మసాచుసెట్స్‌లోని ఫ్రీక్వెన్సీ థెరప్యూటిక్స్. కర్ణభేరి గుండా సూదితో మందు ఎక్కించి నిద్రపోతున్న ఆధార కణాలను లేపుతామంది. తొలి చిన్న పరీక్షలో కొందరు మాటలను ఇదివరకటికంటే బాగా గుర్తుపట్టారు. 2021లో పెద్ద పరీక్ష జరిగింది. ఉత్తుత్తి సూది వేయించుకున్నవారికీ, అసలు మందు వేయించుకున్నవారికీ తేడా కనిపించలేదు. 2023 ఫిబ్రవరిలో మరో పరీక్షా విఫలమైంది, కంపెనీ ఆ మందును వదిలేసింది. ఐరోపాలో లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆధ్వర్యంలో నాచ్ సంకేతాన్ని అడ్డుకునే మందుతో రీగెయిన్ అనే పరీక్ష నడిచింది. 2024లో వెలువడిన ఆ ఫలితాలూ ప్రధాన లక్ష్యాన్ని చేరలేదు. మందు వల్ల పెద్ద ప్రమాదమేమీ జరగలేదన్నదే దక్కిన ఊరట.

ఈ వైఫల్యాలను ఇంత వివరంగా రాయడానికి కారణముంది. ‘రోమకణాలు మళ్ళీ మొలిపిస్తాం’ అన్న వార్త వచ్చిన ప్రతిసారీ పేపరు కట్టింగు పట్టుకుని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళే కుటుంబాలున్నాయి. మొలకెత్తినంత మాత్రాన పని కాదు. కొత్త కణం సరైన వరుసలో నిలబడాలి, దాని కుచ్చు సరైన వైపు వంగాలి, నాడితో ముడిపడాలి. పక్షి ఇవన్నీ తనంతట తాను చేసుకుంటుంది. మనిషిలో ఈ మూడూ కలిపి సాధించిన మందు నేటికీ లేదు. రొదవల్లో వయసువల్లో వినికిడి తగ్గినవారికి మందుల షాపులో దొరికే పునరుత్పత్తి చికిత్స ఏదీ లేదని స్పష్టంగా చెప్పాలి.

మొలిపించకుండానే గెలిచిన చోట

ఫిలడెల్ఫియా అబ్బాయి సంగతి వేరు. వాడి చెవిలో రోమకణాలు బతికే ఉన్నాయి. శబ్దానికి వంగుతున్నాయి, విద్యుత్తు పుట్టిస్తున్నాయి. ఆ కబురు నాడికి చేర్చాల్సిన ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్ మాత్రం లేదు. ఈ ప్రొటీన్ తయారీకి ఆధారమైన ఓటోఫ్ జన్యువును 1999లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్టీన్ పెటిట్ బృందం గుర్తించింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతులు వచ్చిన బిడ్డకు ఇది పుట్టుచెవుడుగా బయటపడుతుంది. పుట్టుచెవుడు కేసుల్లో నూటికి రెండు నుంచి ఎనిమిది దాకా ఇలాంటివే.

కణాలు కొత్తగా పుట్టనక్కర్లేదు, ఉన్న కణానికి మంచి జన్యువు అందిస్తే చాలు. అందించేందుకు ఏఏవీ అనే హానిలేని వైరస్ ఉంది. చిక్కల్లా సైజు దగ్గర వచ్చింది. ఓటోఫ్ జన్యువు ఆ వైరస్‌లో పట్టదు. అందుకని జన్యువును రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పెట్టి పంపారు. కణంలోకి చేరాక ముక్కలు రెండూ అతుక్కుంటాయి. ఎలుకల్లో ఇది పనిచేస్తుందని 2019లో తేలింది.

2022 చివర్లో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ కంటి, చెవి ఆసుపత్రిలో షు యిలాయ్ బృందం ఈ చికిత్సను పిల్లలపై పరీక్షించడం మొదలుపెట్టింది. 2024 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి వచ్చింది. చైనా ఆసుపత్రులతో కలిసి స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ చేసిన అధ్యయనం 2025లో వెలువడింది. ఏడాది పాప మొదలుకొని 24 ఏళ్ళ యువకుల దాకా పదిమందికి మందు ఇచ్చారు. అంతకుముందు సగటున 106 డెసిబెల్స్ ఉంటేగాని వినపడనివారికి 52 దగ్గర వినపడసాగింది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి ఈ తేడా ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఫలితం అందరికంటే బాగుంది. వారిలో ఏడేళ్ళ పాప నాలుగు నెలలకు వాళ్ళమ్మతో రోజువారీ కబుర్లు చెప్పగలిగింది. కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో మనోహర్ బాన్స్ నేతృత్వంలో ఒక చిన్నారికి కుడి చెవికి జన్యు మందు, ఎడమ చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చారు. అది వివేకమైన పని. కొత్తదాని మీద నమ్మకం పెట్టుకుంటూనే పాతదాన్ని చేజారనివ్వలేదు.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. పుట్టిన బిడ్డకు ప్రసూతి ఆసుపత్రిలో చేసే మొదటి చెవి పరీక్ష చాలాచోట్ల ఓఏఈ. చెవిలో చిన్న గొట్టం పెట్టి బయటి రోమకణాల స్పందన పట్టుకుంటారు. ఓటోఫెర్లిన్ లేని బిడ్డలో బయటి కణాలు భేషుగ్గా ఉంటాయి. పరీక్ష ‘పాస్’ అంటుంది. బిడ్డకేమో ఏమీ వినపడదు. అది బయటపడేది బేరా టెస్టులోనే. నిద్రపోతున్న బిడ్డ నుదుటికీ చెవుల వెనకా చిన్న బిళ్ళలు అంటించి, చెవిలో టిక్ టిక్ మనే శబ్దం పంపుతారు. కంప్యూటర్ తెర మీద సన్నటి గీత పాకుతుంటే ఆడియాలజిస్టు కళ్ళు ఐదో అల కోసం వెతుకుతాయి. శబ్దం తగ్గిస్తూ పోతారు. అల ఎక్కడ మాయమైతే అక్కడ గుర్తు పెడతారు. ఓటోఫెర్లిన్ లేని బిడ్డకు శబ్దం ఎంత పెంచినా గీత చదునుగానే సాగుతుంది. బయట బెంచీ మీద కూర్చున్న తల్లికి ఆ గీతను విడమరిచి చెప్పడం ఆ గదిలో అన్నిటికంటే కష్టమైన పని.

వెలుగు పేరుతో రెండు దారులు

ఇక కాంతి సంగతికి వద్దాం. ఈ పేరు చెప్పి నడుస్తున్న పనులు రెండున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే జనం మోసపోతున్నారు.

మొదటిది తెలియాలంటే ఇప్పుడున్న కాక్లియర్ ఇంప్లాంట్‌లో లోటేమిటో చూడాలి. 1957లో పారిస్‌లో జూర్నో, ఎరియేస్ తొలిసారి శ్రవణ నాడికి విద్యుత్తు తగిలించారు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్ అమర్చారు. నేడు ప్రపంచంలో పది లక్షలకు పైగా ఇంప్లాంట్లు పనిచేస్తున్నాయి. చచ్చిన రోమకణాలను దాటేసి, కాక్లియాలోకి దూర్చిన తీగ మీది ఎలక్ట్రోడ్లు నేరుగా నాడిని తడతాయి. నా దృష్టిలో గత శతాబ్దపు వైద్యంలో ఇంతటి అద్భుతాలు తక్కువ. అయితే 3,500 కణాలు చేసే పనిని అక్కడ 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి. పైగా కాక్లియా నిండా ఉప్పు ద్రవం. నీళ్ళు నిలిచిన వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టినట్టు, ఒక్కో ఎలక్ట్రోడ్ నుంచి విద్యుత్తు పక్కలకు పాకి పోతుంది. ఎన్ని ఎలక్ట్రోడ్లున్నా విడివిడిగా పనికొచ్చే దారులు పది లోపే తేలతాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాట చక్కగా అందుతుంది. పెళ్ళిపందిట్లో సన్నాయి డోలు మోగుతుంటే పక్కనున్న బాబాయి పలకరింపు అందదు. గమకం, అనుస్వరం లాంటి సన్నటి తేడాలు పట్టుకోవడం మరీ కష్టం.

విద్యుత్తు పాకినట్టు కాంతి పాకదు, కావలసిన చోటే వేయవచ్చు. కానీ నాడికి వెలుగు తెలియదు కదా! అందుకు సాయం చేసింది చెరువు నాచు. క్లామిడోమొనాస్ అనే ఆకుపచ్చ శైవలానికి వెలుగు తగిలితే తెరుచుకునే చానల్‌రొడాప్సిన్ అనే ప్రొటీన్ ఉంది. 2002, 2003లలో జర్మనీలో నాగెల్, హెగెమాన్, బాంబెర్గ్ దాని పనితీరు తేల్చారు. ఆ ప్రొటీన్ జన్యువును వైరస్ ద్వారా నాడీకణంలోకి పంపితే కాంతి పడినప్పుడల్లా అది స్పందిస్తుంది. ఆప్టోజెనెటిక్స్ అంటారు దీన్ని.

జర్మనీలోనే గోటింగెన్‌లో టోబియాస్ మోజర్ బృందం ఈ ఉపాయాన్ని చెవికి తెచ్చింది. 2018లో వాళ్ళు జెర్బిల్ అనే ఎడారి ఎలుకలపై చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టమైనది. కాక్లియాలో సన్నటి ఆప్టికల్ ఫైబర్ అమర్చి, నాడి మీద కాంతి మెరిసినప్పుడు గదిలో ఒకవైపు నుంచి రెండోవైపు గెంతాలని వాటికి నేర్పారు. తర్వాత కాంతి ఆపి శబ్దం వినిపించారు. అవి శబ్దానికీ గెంతాయి. కాంతి వాటికి వినికిడిలాగే అందిందన్నమాట. అక్కడి నుంచి పదుల కొద్దీ చిన్న ఎల్‌ఈడీలు పొదిగిన తీగలు తయారుచేశారు. మాట వేగంతో సాటిరావాలంటే ప్రొటీన్ చకచకా తెరుచుకుని మూసుకోవాలి. పరికరం బ్యాటరీ రోజంతా రావాలంటే తక్కువ వెలుగుకే పలకాలి. ఈ రెండింటి కోసం కొత్త కొత్త చానల్‌రొడాప్సిన్లు రూపొందించారు. అతి కొద్ది కాంతికే పలికే ‘చరీఫ్’ గురించి 2025లో ప్రకటించారు.

ఇది మనుషుల చెవుల్లో నిరూపణ కావాల్సి ఉంది. జన్యు చికిత్స, ఇంప్లాంట్ రెండూ ఒకే మనిషికి చేయాలి, ఏళ్ళ తరబడి కాంతి పడుతుంటే నాడికి హాని ఉండకూడదు. కంటి విషయంలో ఇలాంటి అడుగు ఇప్పటికే పడింది. ఏళ్ళ తరబడి చూపు లేని 58 ఏళ్ళ వ్యక్తి ఆప్టోజెనెటిక్ చికిత్స, ప్రత్యేక కళ్ళజోడు సాయంతో బల్ల మీది వస్తువులు గుర్తించగలిగాడని 2021లో వెల్లడైంది. చెవికీ దారి దొరుకుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. జన్యువులేవీ మార్చకుండా ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌తోనే నాడిని తట్టాలని చికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో క్లాస్-పీటర్ రిక్టర్ ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నారు. పూర్తిగా చెవిటివైన జంతువుల్లో దానికి స్పందన రావడం లేదని, లేజర్ వేడికి ద్రవంలో పుట్టే చిరుశబ్దాన్నే మిగిలిన రోమకణాలు వింటున్నాయని జర్మనీలోని హానోవర్ శాస్త్రవేత్తలు వాదించారు. ఆ వాదం తేలలేదు.

రెండోది ఎర్రకాంతి వైద్యం. చెవి రంధ్రంలో చిన్న ఎర్ర దీపం పెట్టుకుంటే చెవుడు, చెవిలో హోరు తగ్గుతాయంటూ ఇంటర్‌నెట్‌లో అమ్మే పరికరాలు దీని పేరు మీదే నడుస్తున్నాయి. దీని మూలం 1967 నాటి బుడాపెస్ట్. ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు గొరిగిన ఎలుకల చర్మం మీద తక్కువ శక్తి లేజర్ వేస్తే అక్కడ జుట్టు త్వరగా పెరిగింది. కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియాను ఆ కాంతి ఉత్తేజపరుస్తుందన్నది ప్రధానంగా చెప్పే వివరణ. దక్షిణ కొరియా, జపాన్‌లలో ఎలుకల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో రొదవల్ల, మందులవల్ల కలిగిన నష్టం లేజర్‌తో కొంత తగ్గింది కూడా. ఎలుక చెవి చిన్నది, ఎముక పలచన. మనిషి కాక్లియా దట్టమైన ఎముక మధ్య ఉంది. అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తుత్తి లేజర్‌తో పోల్చి మనుషుల్లో చేసిన పరీక్ష 2013లో వెలువడింది. వినికిడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరిశోధన సాగనివ్వండి, సాగాలి కూడా. కానీ చెవిలో ఎర్రదీపానికి వేల రూపాయలు పోసేవారికి అమ్మేవాళ్ళు చూపించేది ఎలుకల ఫలితాలని తెలియాలి. గోటింగెన్ పేరు చెప్పి అమ్మితే అది అచ్చమైన మోసం.

మూలకణాల పేరుతో జరిగేదీ ఇంతే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మార్సెలో రివోల్టా బృందం మూలకణాల నుంచి శ్రవణ నాడీకణాలు తయారుచేసి చెవిటి జెర్బిల్స్‌లో నాటితే సగటున 46 శాతం మెరుగు కనిపించిందని 2012లో ప్రకటించింది. ఏ మూలకణాన్ని ఏ కణంగా మార్చి ఎక్కడ నాటాలన్నదానికే వాళ్ళకు ఏళ్ళు పట్టింది. మన నగరాల్లో కొన్ని క్లినిక్‌లు మాత్రం నడుము నుంచి మజ్జ తీసి నరంలోకి ఎక్కించి ‘చెవి నరం బాగుపడుతుంది’ అంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు తేటతెల్లంగా ఉన్నాయి. రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్ బయట వాడకూడదు. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు అడగరు. డబ్బు అడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఆగాలా, వద్దా?

బిడ్డకు వినపడదని తెలిసిన తల్లిదండ్రులు ఈమధ్య అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ‘జన్యు మందు వస్తోందటగా, ఇంప్లాంట్ ఇప్పుడే పెట్టించాలా, ఆగాలా?’ నా సమాధానం ఒక్కటే. ఆగకండి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. ముందు చెవి మిషన్, అది చాలకపోతే ఇంప్లాంట్. మందు కోసం మూడేళ్ళు ఎదురుచూస్తే పోయేది మూడేళ్ళ మాట.

ఇంప్లాంట్ పెట్టించడంతో పని అయిపోదు. స్విచాన్ చేసిన రోజు చాలామంది పిల్లలు ఏడుస్తారు. అంతదాకా లేని శబ్దం ఒక్కసారిగా మీద పడుతుంది మరి. అసలు పని ఆ తర్వాతే. రోజూ పొద్దున అమ్మ బిడ్డ పక్కన కూర్చుని, పెదాలు కనపడకుండా ఆరు శబ్దాలు పలుకుతుంది: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. విన్నప్పుడల్లా బిడ్డ ఒక రింగు తీసి పుల్లకు తొడగాలి. ‘స్’ దగ్గర రింగు చేతిలోనే ఉండిపోతే మ్యాపింగ్, అంటే ఇంప్లాంట్ అమరిక, సరిచేయించాలని అమ్మకు తెలుస్తుంది. స్పీచ్ థెరపీ సెంటరులో నేర్చుకున్న ఈ పని ఇంట్లో ఏళ్ళ తరబడి సాగుతుంది. బిడ్డ నోట మాట పలికించేది చివరికి ఈ శ్రమే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో పేదపిల్లలకు ఇంప్లాంట్ ఆపరేషన్లను చేర్చడం గొప్ప నిర్ణయం. విశాఖలోని నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ, అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో స్వదేశీ ఇంప్లాంట్ తయారీకి పూనుకుంది. ఖరీదు తగ్గితేగాని ఈ వైద్యం ఊళ్ళకు చేరదు.

సైగభాషనూ చిన్నచూపు చూడకూడదు. ఇంప్లాంట్ కుదరని బిడ్డకైనా, పెద్దయ్యాక చికిత్స వద్దనుకున్నవారికైనా అది నిండైన భాష. బిడ్డకు ఏదో ఒక భాష అందకుండా ఏళ్ళు గడిచిపోవడమే అసలు నష్టం.

పెద్దవాళ్ళకూ ఒక మాట. పొద్దున లేచేసరికి ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోయినట్టయితే గులిమి అనుకుని నూనె పోసుకుని కూర్చోకండి. అది శ్రవణ నాడికి వచ్చిన హఠాత్ సమస్య కావచ్చు. రోజుల్లోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి చేరి స్టెరాయిడ్లు మొదలుపెడితే చాలామందికి వినికిడి తిరిగొస్తుంది, వారాలు దాటితే అవకాశం తగ్గిపోతుంది.

మన ఇంటి జన్యువు

మేనరికాలు, మేనమామ సంబంధాలు ఎక్కువగా ఉన్న మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పుట్టుచెవుడు గురించి మాట్లాడితే ఓటోఫ్ కంటే ముందు జీజేబీ2 అనే జన్యువు పేరు చెప్పాలి. దగ్గరి బంధువులైన తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే చెడ్డ ప్రతి దాగి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఇది ఎవరి పాపమూ కాదు, కోడలి వైపో అల్లుడి వైపో చూపించాల్సిన వేలు అంతకన్నా కాదు. జీజేబీ2 జన్యువులో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే అక్షరాలు 681. వాటిలో 71వ అక్షరం ఒక్కటి మారితే, 226 అంచెలు ఉండాల్సిన ప్రొటీన్ 24వ అంచె దగ్గరే ఆగిపోతుంది. భారతీయుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మార్పే. ఐరోపాలోని రోమా జనంలోనూ ఇదే కనిపిస్తుంది. వెయ్యేళ్ళ కిందట ఇక్కడి నుంచి బయల్దేరిన వాళ్ళతోపాటే వెళ్ళింది.

ఈ జన్యువు చిన్నది, వైరస్‌లో తేలిగ్గా పడుతుంది. కానీ దీని పని రోమకణాల్లో కాదు, ఆధార కణాల్లో. తప్పుడు కణంలోకి చేరితే మేలు బదులు కీడు జరగవచ్చు. పైగా నష్టం చాలా చిన్న వయసులోనే జరిగిపోతుంది. అందుకే ఓటోఫ్ కంటే ఇది కష్టమైంది. ఎలుకల మీద పరిశోధన సాగుతోంది. దానికి మందు వచ్చిననాడు మన దగ్గర ఏ బిడ్డకు ఏ జన్యువు దెబ్బతిందో తెలియకపోతే, ఆ మందు ఎవరికివ్వాలో తేలడానికే ఏళ్ళు పడుతుంది. హైదరాబాద్‌లో జన్యు పరీక్షల నిపుణులు సీడీఎఫ్‌డీలో ఉన్నారు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంప్లాంట్ ఆపరేషన్ చేసే ఆసుపత్రులను ఈ రెండింటితో కలపాలి. ఆపరేషన్‌కు ముందు ప్రతి బిడ్డకూ రక్తపరీక్షలు ఎలాగూ చేస్తారు. అదే సూదితో ఇంకో రెండు మిల్లీలీటర్లు తీసి జన్యు పరీక్షకు పంపే ఏర్పాటును రెండు ప్రభుత్వాలూ వెంటనే చేయాలి.